ల్యాబ్‌కీ లేత్‌కీ మధ్య: విశాఖలో రక్షణ పరిశోధన వారధి సంస్థను నిలబెట్టడం ఎలా

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి చెందిన ఈ నౌకాదళ ప్రయోగశాల 1969 నుంచి టార్పెడోలు, నీటి అడుగున నడిచే వాహనాలు, యుద్ధనౌకల ఆకృతుల మీద పరిశోధన చేస్తోంది. అక్కడి నుంచి గాజువాక వైపు వెళ్తే ఆటోనగర్. ఉక్కు ఫ్యాక్టరీకీ, షిప్‌యార్డుకీ, డాక్‌యార్డుకీ పనులు చేసిపెట్టే వర్క్‌షాపులు వరసగా కనిపిస్తాయి. ఇటు సిటీలోకి వస్తే ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ. అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. అయినా మూడూ కలిసి చేస్తున్న పని, చేయగలిగిన దాంతో పోలిస్తే చాలా తక్కువ అని నా నమ్మకం.

ఇందులో ఎవరి తప్పూ లేదు. సైంటిస్టు పరికరం పనితీరు చూస్తారు. వర్క్‌షాపు ఓనరు డ్రాయింగు, రేటు, అడ్వాన్సు చూసుకుంటాడు. ప్రొఫెసరుకి ఒక పీహెచ్‌డీకి సరిపడే సమస్య, దాన్ని ప్రచురించుకునే వీలు కావాలి. ఈ మూడు అవసరాలనూ ఒకే కాగితం మీదకి తెచ్చి, మొదటి ఆర్డరు డబ్బు చేతికొచ్చేదాకా వెంట ఉండే మనిషి లేడు. వారధి సంస్థ చేయాల్సిన పని అదే. మీటింగులు పెట్టడం, ఎంవోయూల మీద సంతకాలు చేయించి ఫొటోలు దిగడం ఈ పనిలో లెక్కకు రావు.

కాలేజీ ఇంక్యుబేషన్ సెల్ నడిపేవారు, పరిశ్రమల సంఘంలో బాధ్యతలున్నవారు, నేవీ నుంచో డీఆర్‌డీవో నుంచో రిటైరై ఇక్కడే స్థిరపడ్డ ఇంజినీర్లు దృష్టిలో ఉండగా ఇది రాస్తున్నాను.

ముందుగా, బయట ఎలా చేస్తున్నారో

అమెరికాలో ఈ పనికి చట్టమే ఉంది. అక్కడి ప్రభుత్వ ప్రయోగశాలలు లాభాపేక్ష లేని సంస్థలతో ‘పార్ట్‌నర్‌షిప్ ఇంటర్మీడియరీ అగ్రిమెంట్’ చేసుకోవచ్చు. చిన్న కంపెనీలనూ యూనివర్సిటీలనూ వెతికి ల్యాబ్‌తో కలపడం ఆ సంస్థల వృత్తి. మోంటానా స్టేట్ యూనివర్సిటీలో 1996లో మొదలైన టెక్‌లింక్ ఇందుకు పేరున్న ఉదాహరణ. రక్షణ శాఖ ల్యాబుల పేటెంట్లకు కంపెనీలు లైసెన్సు తీసుకునేలా దగ్గరుండి నడిపిస్తుంది, కంపెనీల దగ్గర ఫీజు తీసుకోదు. బ్రిటన్‌లో 2005 నుంచి ప్లౌషేర్ అనే సంస్థ ఇలాంటి పని చేస్తోంది.

మన దగ్గర ఈ పనిని ఒక్క సంస్థకే ఒప్పజెప్పకుండా రకరకాల పథకాలకు పంచారు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతం పరిశ్రమలు, స్టార్టప్‌లు, విద్యాసంస్థలకు కేటాయిస్తామని ప్రకటించారు. డబ్బుకు దారి ఉంది. ఏ తలుపు తట్టాలో తెలిసినవాళ్లే మన ఊళ్లో తక్కువ.

మొదటి అడుగు: ఊళ్లో ఎవరి దగ్గర ఏముందో స్వయంగా చూసి రాసుకోండి

ఫోన్లో అడిగితే అందరూ ‘అన్నీ చేస్తాం సార్’ అంటారు. అందుకే షాపుకే వెళ్లాలి. లేత్ బెడ్ పొడవెంత, ఎంత వ్యాసం దాకా తిరుగుతుంది, కొలతలు సూక్ష్మంగా తీసే సీఎంఎం యంత్రం ఉందా, మైక్రోమీటర్లకు చివరిసారి కాలిబ్రేషన్ ఎప్పుడైంది అన్నవి కళ్లారా చూసి రాయండి. వీటన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. ఈమధ్య చేసిన పనుల్లో బాగా కష్టమైన టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఉన్న డ్రాయింగు ఏదో చెప్పమనండి, దాని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూపించమనండి. ఆ ఒక్క కాగితం గోడమీది ఐఎస్‌వో సర్టిఫికెట్ కంటే ఎక్కువ చెబుతుంది. పాత వాడకందారుడి రహస్యాలున్న డ్రాయింగు మీకు సులువుగా చూపించేశాడా? అదీ రాసుకోండి. రేపు మీ డ్రాయింగు ఇంకొకరికి అలాగే చూపిస్తాడు.

యూనివర్సిటీలో పరికరాల జాబితా దొరకడం తేలిక. ఆ పరికరం నడుస్తోందా, నడిపే మనిషి ఎవరు, బయటివాళ్ల శాంపిల్ పెట్టడానికి ఎన్ని వారాలు పడుతుంది అన్నదే అసలు విషయం.

రెండో అడుగు: సంస్థకు రూపం

కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. రక్షణ ఆవిష్కరణల కోసం రక్షణ శాఖ నడిపే ఐడెక్స్ పథకం వెనక ఉన్న డిఫెన్స్ ఇన్నొవేషన్ ఆర్గనైజేషన్ కూడా సెక్షన్ 8 కంపెనీయే. ప్రభుత్వ రక్షణ కంపెనీలు హెచ్‌ఏఎల్, బీఈఎల్ కలిసి దాన్ని పెట్టాయి. యూనివర్సిటీలో ఒక సెల్‌గా మొదలుపెడితే అద్దె మిగులుతుంది గానీ, వీసీ మారినప్పుడల్లా ప్రాధాన్యాలు మారతాయి, చిన్న చెక్కుకి కూడా ఫైలు నాలుగు టేబుళ్లు తిరుగుతుంది. యూనివర్సిటీనీ పరిశ్రమల సంఘాన్నీ సభ్యులుగా పెట్టుకుని, నిర్వహణ విడిగా ఉంచండి.

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఆదాయం. ‘ఆర్డరు వస్తే ఇంత శాతం’ అనే ఒప్పందం ఎవరితోనూ చేసుకోవద్దు. రక్షణ కొనుగోళ్ల కాంట్రాక్టుల్లో ఏజెంట్లకు కమిషన్ ఇచ్చారా అని అడిగే షరతు మామూలుగానే ఉంటుంది. ఇచ్చినట్టు తేలితే కాంట్రాక్టు రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ మచ్చ మీరు సాయం చేయబోయిన చిన్న కంపెనీ మీద పడుతుంది. సభ్యత్వ రుసుము, చేసిన పనికి ముందే రాసుకున్న సర్వీసు ఫీజు, శిక్షణ, గ్రాంట్లు చాలు. అన్నీ బ్యాంకు ద్వారా, అన్నీ బిల్లు మీద.

డైరెక్టర్లలో ఎవరికైనా సొంత వర్క్‌షాపు ఉంటే, ఆ షాపు పోటీపడే పని చర్చకు వచ్చినప్పుడు వారు గదిలో ఉండకూడదని నియమావళిలోనే రాయండి. చిన్న ఊరు మనది, అందరూ అందరికీ తెలుసు. నమ్మకం ఒకసారి పోతే మళ్లీ ఎవరూ డ్రాయింగు చేతికివ్వరు.

మూడో అడుగు: ఏ సమస్యకి ఏ తలుపు

సమస్య ఏ దశలో ఉందో ముందు తేల్చుకోవాలి. దీనికి అందరూ వాడే కొలత టీఆర్‌ఎల్, అంటే సాంకేతికత ఎంత సిద్ధంగా ఉందో చెప్పే స్థాయి, ఒకటి నుంచి తొమ్మిది దాకా. ఒకటంటే కాగితం మీది సూత్రం, తొమ్మిదంటే నౌక మీద వాడుకలో ఉన్న వస్తువు.

ఇంకా సూత్రం దగ్గరే ఉంటే అది యూనివర్సిటీ పని. నౌకాదళానికి సంబంధించిన మౌలిక పరిశోధనకు 1996లో ఏర్పడిన నేవల్ రిసెర్చ్ బోర్డు గ్రాంటు ఇస్తుంది. అంతకంటే పెద్ద, దీర్ఘకాలిక పనులకు డీఆర్‌డీవో దేశవ్యాప్తంగా 15 డీఐఏ-సీవోఈలు పెట్టింది: ఐఐటీలు, విశ్వవిద్యాలయాల్లాంటి ఉన్నత విద్యాసంస్థల్లో ఉండే పరిశ్రమ-విద్యా ప్రతిభా కేంద్రాలివి. మనకు దగ్గరలో ఐఐటీ హైదరాబాద్‌లోనూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. విశాఖ ప్రొఫెసర్ ఒక్కరే ప్రతిపాదన పంపే కంటే, అలాంటి కేంద్రం చేపట్టిన అంశంలో ఒక భాగం తీసుకుంటే పని తొందరగా కదులుతుంది.

సూత్రం నిరూపణ అయి ప్రోటోటైప్ చేయాల్సి ఉంటే టీడీఎఫ్, అంటే టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్. డీఆర్‌డీవో నడుపుతోంది. మొదట ప్రాజెక్టుకి 10 కోట్ల రూపాయలుగా ఉన్న పరిమితిని 50 కోట్లకు పెంచారు. ఖర్చులో 90 శాతం దాకా గ్రాంటుగా రావచ్చు. టీఆర్‌ఎల్ మూడు నుంచి మొదలయ్యే పనులకు ఇది సరిపోతుంది. దరఖాస్తు పరిశ్రమదే. కాలేజీని భాగస్వామిగా చేర్చుకోవచ్చు, కానీ మొత్తం పనిలో విద్యాసంస్థ వాటా 40 శాతం మించకూడదు. ఈ లెక్కను మొదటి రోజే వేసుకోండి. ప్రొఫెసర్లు ఉత్సాహం కొద్దీ సిమ్యులేషన్లూ పరీక్షలూ అన్నీ తమ ఖాతాలో రాసుకుంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మేధోహక్కులు డీఆర్‌డీవోకీ అభివృద్ధి చేసిన సంస్థకీ ఉమ్మడిగా ఉంటాయి.

స్టార్టప్ దగ్గర సొంత ఆలోచన ఉండి, వాడేది నేవీ అయితే ఐడెక్స్. 2018లో మొదలైంది. ఐడెక్స్ పెట్టే డిస్క్ అనే స్టార్టప్ ఛాలెంజ్‌లో కోటిన్నర దాకా, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి పథకంలో 25 కోట్ల దాకా గ్రాంటు ఉంది. అయితే ఇందులో స్టార్టప్ కూడా తన వంతు సొమ్ము పెట్టాలి. చాలామంది పెద్ద అంకె చూసి సంబరపడి ఈ వాక్యం దగ్గర కళ్లు దాటేస్తారు. నేవీ తరఫున 2020లో ఏర్పడిన ఆవిష్కరణల సంస్థ ఎన్‌ఐఐవో కూడా ఆవిష్కర్తలతో నేరుగా మాట్లాడుతుంది. తూర్పు నౌకాదళ కమాండ్ మన ఊళ్లోనే ఉండటం వల్ల, వస్తువుని రోజూ వాడే మనిషి ఇబ్బంది ఏంటో వినే అవకాశం విశాఖ స్టార్టప్‌కి ఉన్నంతగా ఎక్కువ ఊళ్లకి లేదు. దాన్ని వదులుకోకండి.

ల్యాబ్ ఇప్పటికే తయారుచేసిన సాంకేతికత తీసుకుని ఉత్పత్తి చేయాలంటే సాంకేతికత బదిలీ. దానికంటే మెరుగైన దారి, డిజైన్ దశలోనే డీసీపీపీగా, అంటే అభివృద్ధి-ఉత్పత్తి భాగస్వామిగా చేరడం. అలా ఎంపికైన సంస్థకు బదిలీ రుసుము ఉండదు. డీఆర్‌డీవో పేటెంట్లను భారతీయ పరిశ్రమలు ఉచితంగా వాడుకునే వీలు కూడా ఉంది. ఆ జాబితాను మీ వర్క్‌షాపుల జాబితాతో పక్కపక్కన పెట్టి చదవడానికి ఒక తెలివైన ఎంటెక్ విద్యార్థిని పెట్టండి.

మరో సంగతి. వరుణాస్త్ర టార్పెడోను ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించింది, 2016లో నేవీకి అప్పగించారు, ఉత్పత్తి ప్రభుత్వ రంగ సంస్థ బీడీఎల్ చేస్తోంది. ఇంత పెద్ద వ్యవస్థలో చిన్న పరిశ్రమ అడుగుపెట్టే చోటు చాలాసార్లు ల్యాబ్ గేటు దగ్గర ఉండదు, ఉత్పత్తి చేసే సంస్థ కొనుగోలు విభాగంలో ఉంటుంది. ల్యాబ్‌నే పట్టుకు కూర్చోకుండా రెండుచోట్లా తలుపు తట్టండి.

నాలుగో అడుగు: సమస్యను పనిగా మార్చడం

వారధి సంస్థ విలువంతా ఇక్కడే తేలుతుంది. ఉదాహరణకు ల్యాబ్ నుంచి ఇలాంటి అవసరం వచ్చిందనుకుందాం: ‘300 మీటర్ల లోతులో పనిచేసే ఎలక్ట్రానిక్స్‌కి అల్యూమినియం హౌసింగ్, హార్డ్ అనోడైజింగ్‌తో.’ అంటే ఎలక్ట్రానిక్స్‌ని కాపాడే అల్యూమినియం డబ్బా, దాని మీద గట్టి ఆక్సైడ్ పూత. సైంటిస్టుకి ఇందులో అన్నీ ఉన్నాయి. వర్క్‌షాపుకి దాదాపు ఏమీ లేవు.

నీటిలో ప్రతి 10 మీటర్లకీ సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 300 మీటర్లంటే 30 బార్. పరీక్ష ఒకటిన్నర రెట్లకు చేయాలంటే 45 బార్. ఎంతసేపు పట్టి ఉంచాలి? లోపలికి చుక్క కూడా రాకూడదా, చెమ్మ ఫరవాలేదా? ఏ గ్రేడు అల్యూమినియం? లోహం ఎక్కడ, ఏ విడతలో తయారైందో చెప్పే మిల్లు సర్టిఫికెట్‌తో, హీట్ నంబరుతో రావాలా? నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ కూర్చునే గాడి నునుపు ఎంత? ఇవన్నీ మీరు ల్యాబ్‌ని అడిగి రాయించుకోవాలి.

వీటిలో అనోడైజింగ్ సంగతి విడిగా చెప్పాలి. 50 మైక్రాన్ల హార్డ్ అనోడైజింగ్ పూత వేస్తే దాంట్లో సుమారు సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి పెరుగుతుంది. అంటే ఒక్కో ఉపరితలం 25 మైక్రాన్లు లావెక్కుతుంది, లోపలి బోరు వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది. డ్రాయింగులో ఉన్న సైజు పూతకు ముందుదా తర్వాతదా అని రాసి లేకపోతే, వర్క్‌షాపు అచ్చంగా డ్రాయింగు ప్రకారమే చేసి పంపిన హౌసింగ్‌లో మూత దిగదు. ల్యాబ్ అంటుంది, ‘వీళ్లకి ప్రెసిషన్ రాదు.’ వర్క్‌షాపు అంటుంది, ‘వీళ్లకి ఏం కావాలో వీళ్లకే తెలీదు.’ ఇద్దరి మధ్యా సంబంధం అక్కడితో తెగిపోతుంది. ‘సార్, ఈ సైజు అనోడైజింగ్‌కి ముందా, తర్వాతా?’ అన్న ఒక్క ప్రశ్న ఆర్డరుకి ముందే అడిగించగలిగితే మీ సంస్థ ఆ ఏడాది జీతాలు సంపాదించుకున్నట్టే.

అందుకే ప్రతి అవసరానికీ ఒకటి రెండు పేజీల పత్రం తయారుచేయండి. పనితీరు, పరీక్ష, ఆమోదించే కొలమానం, కావాల్సిన సంఖ్య, ఆ తర్వాతి ఏళ్లలో రావచ్చనుకునే సంఖ్య, అన్నీ అందులో ఉండాలి. చివరి రెండూ లేకుండా ఏ వర్క్‌షాపూ ఫిక్చరు (ముక్కను పట్టి ఉంచే ప్రత్యేక బిగింపు) మీద డబ్బు పెట్టదు. తర్వాత సైంటిస్టునూ షాపు ఫోర్‌మన్‌నూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. ఓనరు వస్తే సంతోషం, ఫోర్‌మన్ తప్పనిసరి. పత్రం ఇద్దరూ చదివి సంతకం చేశాకే కొటేషన్ అడగండి.

యూనివర్సిటీకి ఇదే అవసరంలోంచి వేరే ప్రశ్న పుడుతుంది. ఉప్పునీటిలో ఏళ్ల తరబడి ఆ పూత ఎలా తట్టుకుంటుంది, గీత పడ్డచోట తుప్పు ఎంత వేగంగా పాకుతుంది? ఇది ఒక పీహెచ్‌డీకి చాలినంత సమస్య. హౌసింగ్ కొలతలు ఎక్కడా బయటపెట్టకుండా మామూలు ప్లేటు ముక్కల మీద ప్రయోగం చేసి పేపరు రాసుకోవచ్చు. ఏది ప్రచురించవచ్చో ఏది కూడదో పని మొదలయ్యే రోజే ల్యాబ్‌తో రాయించుకోండి. థీసిస్ రాసేశాక అడిగితే బలయ్యేది ఆ విద్యార్థే.

ఐదో అడుగు: రహస్యం, హక్కులు

అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది. డ్రాయింగులు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. ఎవరికి ఎన్ని కాపీలిచ్చారో రిజిస్టరులో ఉండాలి, పని అయ్యాక తిరిగి రావాలి. సైనిక వస్తువులు ఎగుమతికి అనుమతి కావాల్సిన స్కోమెట్ జాబితాలో ఆరో కేటగిరీ కిందకి వస్తాయి. విదేశాలకి వస్తువు పంపితేనే అనుమతి కావాలనుకోవద్దు, సాంకేతిక సమాచారం పంపడం కూడా ఎగుమతి కిందే లెక్క. అమెరికాలో ఉన్న పాత క్లాస్‌మేట్‌ని సలహా అడుగుతూ డ్రాయింగు మెయిల్ చేసే ముందు ఈ విషయం గుర్తుండాలి.

పేటెంటు విషయంలో రెండు గీతలు దాటొద్దు. దరఖాస్తు వేయకముందు సెమినార్లో చెప్పొద్దు, కొత్తదనం పోతుంది. ఇక్కడ నివసించేవారు ముందస్తు అనుమతి లేకుండా విదేశంలో పేటెంటుకి వెళ్లాలంటే, ముందు ఇండియాలో దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి. రక్షణకు సంబంధించిన ఆవిష్కరణ అయితే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోనిదే అనుమతి రాదు. పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 39 చెప్పేది ఇదే. ఫీజు గురించి భయపడక్కర్లేదు: స్టార్టప్‌లకూ విద్యాసంస్థలకూ 80 శాతం రాయితీ ఉంది.

ఆరో అడుగు: డబ్బు మధ్యలో ఎండిపోకుండా

గ్రాంటు దశలవారీగా వస్తుంది. ఒక మైలురాయి దాటాక కమిటీ చూస్తుంది, ఆ తర్వాత బిల్లు. ఈలోగా మెటీరియల్ కొనాలి, జీతాలివ్వాలి. మంచి పనితనం ఉన్న చిన్న షాపులు ఈ సందులోనే కూలిపోతాయి, పనిరాక కాదు. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే నెలవారీగా డబ్బు రాకపోకల పట్టిక వేసి, బ్యాంకు మేనేజర్‌కి శాంక్షన్ ఆర్డరు చూపించి, వర్కింగ్ క్యాపిటల్ మాట్లాడి పెట్టండి.

కంపెనీకి చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా చేయించండి. టెండర్లలో ఈఎండీ (ముందస్తు డిపాజిట్) మినహాయింపుకి అది ఆధారం. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సరుకు అంగీకరించిన 45 రోజుల్లోపు కొనుగోలుదారు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. వాడకందారుడి మీద కేసు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు, నిజమే. అందుకే ఇన్‌స్పెక్షన్ నోటు తేదీ, బిల్లు తేదీ, తీసుకున్నట్టు సంతకం, అన్నీ మొదటి నుంచీ ఫైల్లో ఉంచండి. కాగితాలు వరసగా ఉన్నచోట మర్యాదగా రాసిన ఉత్తరంతోనే డబ్బు కదులుతుంది.

ఏడో అడుగు: పరీక్ష

ఎన్‌ఎస్‌టీఎల్‌లో నౌకల నమూనాలను నీటిలో లాగి చూసే 500 మీటర్ల టోయింగ్ ట్యాంకు, ప్రొపెల్లర్ల దగ్గర బుడగలు పుట్టే తీరు చూసే కేవిటేషన్ టన్నెల్ లాంటి సౌకర్యాలున్నాయి. డీఆర్‌డీవో తన పరీక్షా సౌకర్యాలను రుసుము మీద పరిశ్రమలకు తెరిచింది. ల్యాబ్ సొంత ప్రాజెక్టులకే మొదటి వంతు కాబట్టి తేదీని చాలా ముందే అడగండి. అక్కడికి వెళ్లేముందు చేయగలిగిన చిన్న పరీక్షలన్నీ ఊళ్లో ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుల్లో పూర్తిచేసుకోండి. పెద్ద పరీక్ష రోజున ఓ-రింగ్ లీకై వెనక్కి రావడం అందరికీ నష్టం.

ఆగాల్సిన చోట ఆగడం

ప్రతి పనీ గట్టెక్కదు. రెండో ప్రోటోటైప్ కూడా అదే పరీక్షలో ఆగిపోతే ముగ్గురినీ కూర్చోబెట్టండి. లోపం డిజైన్‌లో ఉందా, తయారీలో ఉందా, మెటీరియల్‌లో ఉందా తేల్చండి. డిజైన్‌లో ఉంటే పని తిరిగి యూనివర్సిటీకి వెళ్లాలి, వర్క్‌షాపుని అప్పటిదాకా చేసిన పనికి డబ్బిచ్చి విడుదల చేయాలి. ఈ నిర్ణయం చెప్పే ధైర్యం ల్యాబ్‌కీ, గ్రాంటు తీసుకున్న కంపెనీకీ ఉండకపోవచ్చు. ఇద్దరికీ చెప్పగలిగేది మీరే.

ఆపేశాక సాంకేతిక నివేదిక రాయండి. ఏం ప్రయత్నించారు, ఏ పరీక్షలో ఏ అంకె దగ్గర ఆగింది, విరిగిన ముక్క ఎక్కడ భద్రపరిచారు అన్నవి అందులో ఉండాలి. ఖర్చుకాని గ్రాంటు వడ్డీతో సహా వెనక్కి కట్టి, ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం పంపించండి. సంస్థలు దీన్ని ఆఖరి నిమిషం దాకా వాయిదా వేస్తుంటాయి. పాత యూసీ పెండింగులో ఉంటే తర్వాతి గ్రాంటు కదలదు. కాబట్టి ప్రాజెక్టు మొదలైన వారంలోనే దానికి విడి బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి నెలాఖరుకీ లెక్క సరిచూసే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.